చివరి లైన్ రాసి పంపండి: బూట్ కాని పాత కంప్యూటర్ల మీద మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే చాలావాటిది ఒకటే గోల. పాత కంప్యూటర్, అందులో లైనక్సో బీఎస్‌డీనో (విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే ఉచిత సిస్టమ్‌లు), నిన్నటిదాకా బాగానే ఉంది, ఈ రోజు లేవనంటోంది. కొందరు "సిస్టమ్ రావట్లేదు, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. అలా రాస్తే నేను చెప్పగలిగింది ఏమీ లేదండీ, ఎక్కడ నొప్పో చెప్పకుండా మందు రాసివ్వమన్నట్టు ఉంటుంది. ఆన్ చేసిన దగ్గర్నుంచి లాగిన్ అడిగేదాకా పని నాలుగైదు చేతులు మారుతుంది. ముందు బయోస్ (బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రాం), తర్వాత బూట్‌లోడర్ (కెర్నల్‌ను డిస్క్ మీంచి తెచ్చేది, లైనక్స్‌లో ఎక్కువగా గ్రబ్), దాని తర్వాత కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ), కెర్నల్ వెంట వచ్చే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు డిస్క్ అందేదాకా కావాల్సిన డ్రైవర్ల మూట), ఆఖరున ఇనిట్ (మిగతా పనులన్నీ మొదలుపెట్టేది), అంటే ఈ మధ్య చాలావాటిలో సిస్టమ్‌డీ. వీటిలో ఏది చేతులెత్తేసినా దాని ఏడుపు దానిదే, ఇంకోదానితో పోలదు. అందుకని తెర మీద చివర కనపడ్డ లైన్‌ను ఉన్నదున్నట్టు రాసి పంపండి, మీకు అర్థం కాకపోయినా సరే. మెసేజ్ గబగబా వెళ్ళిపోతుంటే ఫోన్‌తో వీడియో తీసి ఆపి చూసుకోండి.

ఇంకోటి. కమాండ్లన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లోనే వేస్తున్నాం. మీరు కొట్టేటప్పుడు, పెద్ద అక్షరమని విడిగా చెబితే తప్ప, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి, లైనక్స్, బీఎస్‌డీలుండే యూనిక్స్ జాతికి పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

ప్రశ్న: నా డెస్క్‌టాప్ 2003 నాటిది. అందులోని 40 జీబీ డిస్క్ పోతే వేరే ఎవరో తీసి పక్కన పెట్టిన 250 జీబీ ఐడీఈ (పాత రకం కేబుల్‌ది) డిస్క్ బిగించి, మొత్తం ఒకే పార్టిషన్‌గా (ముక్కలు చేయకుండా ఒకే భాగంగా) ఇచ్చి లైనక్స్ ఎక్కించాను. ఏడెనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు. మొన్న అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ చేస్తే 'ఎర్రర్: అటెంప్ట్ టు రీడ్ ఆర్ రైట్ అవుట్‌సైడ్ ఆఫ్ డిస్క్ హెచ్‌డీ0' అని, కింద 'యూ నీడ్ టు లోడ్ ది కెర్నల్ ఫస్ట్' అని వచ్చి ఆగిపోయింది. మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే మాత్రం చక్కగా లేస్తోంది. లైవ్ సీడీతో (డిస్క్‌తో పనిలేకుండా సీడీ నుంచే లేచే లైనక్స్) పరీక్షిస్తే డిస్క్‌లో ఒక్క తప్పూ చూపించలేదు. డిస్క్ పోతున్నట్టేనా?

జవాబు: డిస్క్‌కి ఏమీ కాలేదు, టెన్షన్ పడకండి. ఇలా చివరి లైన్ పూర్తిగా రాసి పంపినందుకు మీ ఉత్తరం అన్నిటికన్నా పైన పెట్టుకున్నా.

మీ బయోస్‌కి చూపు తక్కువ, అదీ సంగతి. ఆ కాలపు బయోస్‌లు చాలావరకు డిస్క్ మీది సెక్టార్ (చిన్న గడి) నంబరును 28 బిట్లలో రాసుకునేవి. సెక్టార్‌కి 512 బైట్లు, లెక్క కడితే 137 జీబీ చిల్లర, లైనక్స్ టూల్స్ చూపే లెక్కలో అయితే సరిగ్గా 128. అది దాటితే బయోస్ దృష్టిలో డిస్క్ అక్కడితో అయిపోయినట్టే. 48 బిట్ల పద్ధతి 2002 ప్రాంతంలో డిస్క్‌ల ఏటీఏ-6 ప్రమాణంతో వచ్చింది గానీ అప్పటికే తయారైపోయిన బోర్డులకీ, ఆ వెంటనే వచ్చిన కొన్నిటికీ అది అందలేదు. మీదీ ఆ బాపతే అయి ఉండాలి.

మరి ఏడెనిమిది నెలలు ఎలా నడిచింది అంటారా? కెర్నల్ ఒకసారి లేచిందంటే ఇక బయోస్ మొహం చూడదు, సొంత డ్రైవర్‌తో డిస్క్‌తో నేరుగా మాట్లాడుకుంటుంది, అందుకే లైవ్ సీడీలో 250 జీబీ మొత్తం కనపడింది, తప్పులూ కనపడలేదు. కానీ ఆ కెర్నల్ ఫైల్‌ను డిస్క్ మీంచి మెమరీలోకి మోసుకొచ్చే గ్రబ్ ఉందే, అది మాత్రం పూర్తిగా బయోస్ కళ్ళతోనే చూస్తుంది. మొదట ఇన్‌స్టాల్ చేసినప్పుడు కెర్నల్ ఫైల్ డిస్క్ మొదట్లో ఎక్కడో పడింది, గ్రబ్‌కి అందింది. మొన్నటి అప్‌డేట్‌లో కొత్త కెర్నల్ ఫైలో, దాని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ఫైలో ఆ 137 గీత అవతల పడింది. గ్రబ్‌కి అది డిస్క్ బయట ఉన్నట్టే లెక్క. మెసేజ్‌లో ఉన్నదీ అక్షరాలా అదే.

నిజంగా ఇదేనా అని తేల్చుకోవాలంటే పాత కెర్నల్‌తో లేపి, రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న ఖాతాతో) 'ఫైల్‌ఫ్రాగ్ డాష్ వీ' కమాండ్‌కి బూట్ డైరెక్టరీలోని కొత్త కెర్నల్ ఫైల్ పేరూ, తర్వాత దాని ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ పేరూ ఇచ్చి చూడండి. ఫైల్ ముక్కలు డిస్క్ మీద ఎక్కడున్నాయో బ్లాక్ నంబర్లతో చూపిస్తుంది. బ్లాక్ 4096 బైట్లయితే (ఎక్స్‌ట్4 అనే లైనక్స్ ఫైల్‌సిస్టమ్‌లో మామూలుగా అంతే) 3,35,54,432 దాటిన ఏ నంబరైనా గీత అవతలిదే. ఈ రెంటిలో ఒక్కదాని ఒక్క ముక్క అవతల పడినా చాలు, బూట్ ఆగిపోతుంది.

మందు ఏమిటంటే, బూట్ డైరెక్టరీ మొత్తం ఎప్పటికీ గీత ఇవతలే ఉండేలా చేయడం. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్ళయితే డిస్క్ మొట్టమొదట ఒక 1 జీబీ పార్టిషన్ బూట్‌కి విడిగా ఇచ్చేయాలి. మీకు ఇప్పటికే అంతా ఎక్కి ఉంది కాబట్టి, మొదట్లో చోటు చేయాలంటే మొత్తం పార్టిషన్‌ను పక్కకి జరపాలి, అది గంటల పని, మధ్యలో కరెంటు పోతే అంతే సంగతులు. దానికన్నా సులువు ఇంకోటుంది. లైవ్ సీడీలో పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ తెరిచి ఉన్న పార్టిషన్‌ను చివరి వైపు నుంచి కుదించి 100 జీబీ చేసేయండి, మిగిలిన చోటులో ఇంకో పార్టిషన్ పెట్టి దాన్ని మీ సొంత ఫైళ్ళుండే హోమ్‌కో, పాటలకీ వీడియోలకో వాడుకోండి. కుదించేటప్పుడు అవతల ఉన్న ఫైళ్ళన్నిటినీ అదే లోపలికి తెచ్చిపెడుతుంది. ముఖ్యమైనవి ముందు వేరే డిస్క్‌లోకి కాపీ తీసుకోండి, ఆ మాట ప్రతిసారీ చెప్పి నాకు విసుగొచ్చింది, వినేవాళ్ళకి రావట్లేదు.

కెర్నల్ ఫైల్‌ను కాపీ చేసి, పాతది తీసేసి, కాపీకి దాని పేరే పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబుతారు. నిజమే, ఒక్కోసారి కాపీ ఇవతల పడుతుంది. లాటరీ అది, వచ్చే అప్‌డేట్‌కి మళ్ళీ మొదటికొస్తుంది.

ప్రశ్న: ఒకే డిస్క్‌లో రెండు లైనక్స్‌లు ఉండేవి. మొదటిది వాడట్లేదని దాని పార్టిషన్ తీసేశా. ఇప్పుడు ఆన్ చేస్తే 'గ్రబ్ రెస్క్యూ' అని ఒక ప్రాంప్ట్ వచ్చి కూర్చుంది. హెల్ప్ అని కొట్టినా తెలియని కమాండ్ అంటోంది. ఒక మిత్రుడు ఫార్మాట్ చేసి మళ్ళీ ఎక్కించేయమంటున్నాడు.

జవాబు: ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టుంది మీ మిత్రుడి సలహా. మీ రెండో లైనక్స్ చెక్కు చెదరకుండా అక్కడే ఉంది, దానికి దారి చూపించేవాడు లేడు, అంతే.

డిస్క్ మొదటి సెక్టార్ 512 బైట్లు. అందులో బూట్ కోడ్‌కి దక్కేది 446 బైట్లే, మిగతాది 64 బైట్ల పార్టిషన్ పట్టిక, 2 బైట్ల గుర్తు. ఆ 446 బైట్లలో ఏం పడుతుంది చెప్పండి, అందుకే గ్రబ్ తన మొదటి ముక్క అక్కడ పెట్టి, రెండోది దాని వెనకున్న ఖాళీలో పెట్టి, మెనూ, మాడ్యూళ్ళు లాంటి అసలు సరంజామా అంతా ఏదో ఒక లైనక్స్‌లోని బూట్ డైరెక్టరీలో పెట్టుకుంటుంది. మీ కేసులో ఆ సరంజామా మీరు తీసేసిన పార్టిషన్‌లో ఉంది. మొదటి రెండు ముక్కలూ లేచి, మూడోదాని కోసం వెతికి, కనపడక రెస్క్యూ అని కూర్చున్నాయి. ఆ స్థితిలో దానికి వచ్చిన కమాండ్లు ఎల్ఎస్, సెట్, అన్‌సెట్, ఇన్స్‌మాడ్, ఈ నాలుగే. హెల్ప్ అనేది ఆ పోయిన సరంజామాలో ఉంది పాపం.

ముందు ఎల్ఎస్ అని కొట్టండి. బ్రాకెట్లలో హెచ్‌డీ0, కామా, ఎంఎస్‌డాస్5 లాంటి పేర్లు వస్తాయి. ఒక్కోదానికీ 'ఎల్ఎస్', ఆ బ్రాకెట్ పేరు, దాని వెంటే ఖాళీ లేకుండా 'స్లాష్ బూట్ స్లాష్ గ్రబ్' ఇచ్చి చూడండి, ఏ పార్టిషన్‌లో ఫైళ్ళ పేర్లు కనపడితే మీ రెండో లైనక్స్ అదే. అప్పుడు 'సెట్ ప్రిఫిక్స్ ఈక్వల్స్' తర్వాత ఆ మొత్తం దారి ఇవ్వండి, 'సెట్ రూట్ ఈక్వల్స్' తర్వాత బ్రాకెట్ పేరు ఒక్కటే, తర్వాత 'ఇన్స్‌మాడ్ నార్మల్', ఎంటర్, 'నార్మల్', ఎంటర్. ఎప్పటి మెనూ కళ్ళ ముందుంటుంది.

ఇది ఈ ఒక్క బూట్‌కే. లోపలికి వెళ్ళగానే టెర్మినల్‌లో రూట్‌గా 'గ్రబ్-ఇన్‌స్టాల్ స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌డీఏ', తర్వాత 'అప్‌డేట్-గ్రబ్' కొట్టాలి. ఎస్‌డీఏ పక్కన అంకె పెట్టకండి, గ్రబ్ వెళ్ళాల్సింది డిస్క్‌కి, పార్టిషన్‌కి కాదు. డెబియన్ కుటుంబం (ఉబుంటు లాంటివి) కాకపోతే అప్‌డేట్-గ్రబ్ ఉండదు, 'గ్రబ్-ఎంకేకాన్ఫిగ్'కి అవుట్‌పుట్ ఫైల్ పేరిచ్చి నడపాలి.

రెండు లైనక్స్‌ల గ్రబ్ వెర్షన్లు వేరైతే ఇన్స్‌మాడ్ దగ్గర 'సింబల్ నాట్ ఫౌండ్' అని తిరగబడవచ్చు. అప్పుడు రెస్క్యూతో కుస్తీ మానేయండి. లైవ్‌లో లేపి, ఆ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ కింద మౌంట్ చేసి (అంటే సిస్టమ్‌కి తగిలించి), డెవ్, ప్రాక్, సిస్ మూడింటినీ బైండ్ చేసి, సీహెచ్‌రూట్‌తో (ఆ పార్టిషన్‌నే అసలు సిస్టమ్‌గా చూపే కమాండ్) లోపలికి వెళ్ళి పై రెండు కమాండ్లూ అక్కడ నడపాలి.

ఇంకో పాఠకురాలిదీ దగ్గర దగ్గర ఇదే గొడవ గానీ ఆమె ఏ పార్టిషనూ తీయలేదు, అయినా 'అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్' అంటోందట. ఉత్తరం చివర ఒక మాట రాశారు, కొత్త లైవ్ డిస్క్‌తో పార్టిషన్లు చేసుకుని అందులోకి పాత డిస్ట్రో (ఒక లైనక్స్ రకం) ఎక్కించానని. అక్కడుంది తిరకాసు. 2023లో వచ్చిన ఈ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ (ఎక్స్‌ట్4 టూల్స్ మూట) 1.47 నుంచి ఎక్స్‌ట్4 ఫార్మాట్ చేసేటప్పుడు 'మెటాడేటా_సీసమ్_సీడ్' అనే కొత్త ఫీచర్ దానంతటదే పడుతోంది. పాత గ్రబ్‌కి అది తెలియదు, తెలియని ఫీచర్ ఉంటే అసలు ఫైల్‌సిస్టమే తెలియదంటుంది. కొత్త లైవ్‌లోనే, పార్టిషన్ మౌంట్ కాకుండా చూసుకుని, 'ట్యూన్2ఎఫ్ఎస్ డాష్ పెద్ద ఓ', తర్వాత ఆ ఫీచర్ పేరు ముందు టోపీ గుర్తు పెట్టి, చివర పార్టిషన్ పేరిచ్చి నడిపితే అది పోతుంది.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్. పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ పెట్టి బూట్ చేస్తే 'దిస్ కెర్నల్ రిక్వైర్స్ యాన్ ఎక్స్86-64 సీపీయూ, బట్ ఓన్లీ డిటెక్టెడ్ యాన్ ఐ686 సీపీయూ' అంటోంది. పెన్‌డ్రైవ్ మార్చి చూశా, మూడు సార్లు డౌన్‌లోడ్ చేశా.

జవాబు: ముప్ఫై సార్లు చేసినా అదే వస్తుంది. ప్రాసెసర్ 32 బిట్లది, మీరు ఎక్కిస్తున్నది 64 బిట్లది. ఎక్స్86 (మామూలు పీసీల ప్రాసెసర్ జాతి) లో 64 బిట్లు 2003లో ఏఎండీతో మొదలయ్యాయి, ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకి కోర్ 2 వచ్చేదాకా, అంటే 2006 దాకా పట్టింది. ఆ మధ్య కాలపు ల్యాప్‌టాప్ అయితే అనుమానించాల్సిందే. ఏదైనా 32 బిట్ల లైవ్‌లో లేపగలిగితే ప్రాక్ కింద సీపీయూఇన్ఫో ఫైల్‌లో ఫ్లాగ్స్ లైన్ చూడండి, అందులో 'ఎల్ఎం' ఉంటే 64 బిట్లు నడుస్తుంది, లేకపోతే లేదు. బయట స్టిక్కర్ మీద ఏం రాసుందన్నది నమ్మకండి.

అసలు ఇబ్బంది ఏమిటంటే 32 బిట్ల వాళ్ళకి చోటు తగ్గిపోతోంది. ఉబుంటు 17.10తోనే 32 బిట్ల డెస్క్‌టాప్ ఇమేజ్ ఆపేసింది, ఆర్చ్ 2017లో వదిలేసింది, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఐ386కి (అంటే 32 బిట్ల రకానికి) ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ లేదు. డెబియన్ 12 మాత్రం ఇంకా ఎక్కుతుంది. ఫ్రీబీఎస్‌డీ కూడా 15వ వెర్షన్‌తో ఐ386కి నమస్కారం పెట్టేసింది. ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ ఇప్పటికీ ఐ386 ఇమేజ్‌లు ఇస్తున్నాయి, నెట్‌బీఎస్‌డీ అయితే 486 మీద కూడా నడుస్తానంటుంది. లైనక్సే కావాలంటే వాయిడ్ అనే డిస్ట్రోలో ఐ686 (ఇదీ 32 బిట్లదే) ఉంది. నన్నడిగితే 512 ఎంబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కి ఓపెన్‌బీఎస్‌డీ ఒకసారి ప్రయత్నించండి. బ్రౌజర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, అది ఏ సిస్టమ్ వేసినా ఏడిపిస్తుంది.

పెంటియం ఎం ఉన్నవాళ్ళకి ఇంకో చిక్కు. 32 బిట్ల డిస్ట్రోయే ఎక్కిస్తున్నా 'పీఏఈ (4 జీబీ పైన మెమరీని అందుకునే సదుపాయం) లేదు' అని తిప్పి పంపేస్తుంది. విచిత్రం ఏమిటంటే ఆ ప్రాసెసర్‌లలో చాలావాటికి పీఏఈ వచ్చు, వచ్చని చెప్పుకోవు. బూట్ మెనూలో ట్యాబ్ గానీ ఈ గానీ నొక్కి, కెర్నల్ లైన్ చివర 'ఫోర్స్‌పీఏఈ' చేర్చండి.

ప్రశ్న: ప్రతిసారీ తేదీ 2002కి వెళ్ళిపోతోంది. తేదీతో నాకేం పని అని వదిలేశా. ఇప్పుడు ఒక్కోసారి డిస్కే లేదంటోంది, ఒక్కోసారి లేస్తుంది గానీ ఎఫ్ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తనిఖీ) నడుస్తూ కూర్చుంటుంది. వెబ్‌సైట్లు కూడా సర్టిఫికెట్ సరిగా లేదంటున్నాయి.

జవాబు: నాలుగు రోగాలకీ మందు ఒకటే, బోర్డు మీద గుండ్రంగా మెరిసే సీఆర్2032 బ్యాటరీ. మూడు వోల్టులది, అది అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ బయోస్ తన సెట్టింగులన్నీ మర్చిపోయి పుట్టినప్పటి స్థితికి వెళ్తుంది. గడియారం వెనక్కి పోతే ఎఫ్ఎస్‌సీకేకి డిస్క్ చివరిసారి మౌంట్ అయిన తేదీ భవిష్యత్తులో ఉన్నట్టు కనపడి కంగారు పడుతుంది, సర్టిఫికెట్లు ఇంకా చెల్లుబాటులోకి రానట్టు కనపడతాయి.

డిస్క్ కనపడకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంటుంది. మీరు గానీ, ఇన్‌స్టాల్ చేసిన మనిషి గానీ అప్పట్లో బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే తీరు) ఏహెచ్‌సీఐ అని మార్చి ఉంటారు, మతిమరుపుతో అది మళ్ళీ ఐడీఈకి వెళ్ళి ఉంటుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లో అన్ని డ్రైవర్లూ ఉంటే ఎలా ఉన్నా నడుస్తుంది, కానీ చోటు ఆదా అని ఈ మెషీన్‌కి కావాల్సినవే పెట్టేలా చేసుకుంటే మోడ్ మారగానే డిస్క్ మాయం. బూట్ ఆర్డర్ కూడా చూసుకోండి, ఖాళీ నెట్‌వర్క్ బూట్ మొదట్లోకి వచ్చి కూర్చుని ఉండొచ్చు.

బ్యాటరీ మార్చేటప్పుడు వైరు గోడ నుంచి పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వండి. ప్లస్ వైపు పైకి. మార్చాక బయోస్‌లో తేదీ, సాటా మోడ్, బూట్ ఆర్డర్ సరిచేసి, ఆ తెర ఫొటో తీసుకోండి. ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీకి చిన్న వైరూ కనెక్టరూ అతికి ఉంటాయి, ఉత్త బిళ్ళ తెచ్చి ఇరికించకండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక '(ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్)' అనే ప్రాంప్ట్ దగ్గర ఆగుతోంది. పైన 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ. రన్ ఎఫ్ఎస్‌సీకే మాన్యువల్లీ' అని ఉంది. నెట్‌లో చూస్తే ఎఫ్ఎస్‌సీకే డాష్ వై కొట్టమన్నారు. కొట్టేయనా?

జవాబు: ఆగండి. కొట్టే ముందు డిస్క్ దగ్గర చెవి పెట్టండి. టక్ టక్ మని ఒకే లయలో శబ్దం వస్తోందా? బూట్ మెసేజ్‌లలో 'ఐ/ఓ ఎర్రర్' అని ఎక్కడైనా పడిందా? ఈ రెండూ లేకపోతే కరెంటు పోవడం వల్ల ఫైల్‌సిస్టమ్ లెక్కలు తారుమారయ్యాయి అంతే, ప్రాంప్ట్‌లో 'ఎఫ్ఎస్‌సీకే డాష్ వై' పక్కన పై లైన్లో చూపించిన పార్టిషన్ పేరిచ్చి కొట్టండి, అయ్యాక 'ఎగ్జిట్'. చాలావరకు అక్కడితో లేస్తుంది.

రెంటిలో ఒకటున్నా మాత్రం ఎఫ్ఎస్‌సీకే జోలికి వెళ్ళకండి. నేను వెళ్ళాను కాబట్టి చెబుతున్నా. చాలా ఏళ్ళ కిందట, చావుకి సిద్ధంగా ఉన్న ఒక డిస్క్ మీద ఇదే డాష్ వై కొట్టి టీ తాగడానికి వెళ్ళా. అది చదవలేకపోయిన ప్రతి డైరెక్టరీనీ పాడైపోయినట్టే తీర్మానించి, ఫైళ్ళన్నిటినీ లాస్ట్+ఫౌండ్‌లోకి నంబర్ల పేర్లతో ఊడ్చి పెట్టింది. పదేళ్ళ ఫొటోలు, పేరూ లేదు, వరసా లేదు. డాష్ వై అంటే 'నువ్వేం అడిగినా నా జవాబు సరే' అని, అందులో దాని తప్పేం లేదు.

అలాంటి డిస్క్‌ను లైవ్‌లో లేపి, మౌంట్ చేయకుండా, 'స్మార్ట్‌సీటీఎల్ డాష్ చిన్న ఏ'తో చూడండి. రీఅలకేటెడ్ సెక్టార్, కరెంట్ పెండింగ్ సెక్టార్ అనే రెండు వరసల్లో చివరి అంకె సున్నా కాకపోతే, అందులోనూ చూసిన ప్రతిసారీ పెరుగుతుంటే, ముందు జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్‌ను ఇంకో డిస్క్‌లోకి నకలు తీయండి. మ్యాప్ ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వాలి, అదుంటే మధ్యలో ఆగినా వదిలిన చోటి నుంచి మొదలుపెడుతుంది. ఎఫ్ఎస్‌సీకే ఏదైనా నడిపితే ఆ నకలు మీద నడపండి.

అదే ప్రాంప్ట్ వచ్చి, పైన 'యూయూఐడీ డజ్ నాట్ ఎగ్జిస్ట్' (ఆ గుర్తింపు నంబరున్న పార్టిషన్ లేదు) అని ఉంటే అది వేరే కథ. 'బీఎల్‌కేఐడీ' కొట్టండి. పార్టిషన్ కనపడుతుంటే డిస్క్ నెమ్మదిగా నిద్ర లేస్తోందన్నమాట, పాత యూఎస్‌బీ డిస్క్‌లకి మామూలే, గ్రబ్‌లో కెర్నల్ లైన్ చివర 'రూట్‌డిలే ఈక్వల్స్ 20' పెట్టి చూడండి. కనపడకపోతే కేబుల్ ఒకసారి పీకి గుచ్చండి. నవ్వకండి, పాత సాటా కేబుళ్ళు వదులైపోతాయి.

ప్రశ్న: లైనక్స్ కాదు నాది, ఫ్రీబీఎస్‌డీ. పాత మెషీన్‌లో సీడీ డ్రైవ్ పనిచేయదు, యూఎస్‌బీ నుంచి బూట్ అవదు. అందుకని డిస్క్ బయటికి తీసి, యూఎస్‌బీ అడాప్టర్‌తో వేరే కంప్యూటర్‌కి తగిలించి, అక్కడ ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ బిగించా. కెర్నల్ లేస్తోంది, తర్వాత 'మౌంట్‌రూట్' అని ఆగుతోంది.

జవాబు: చక్కటి ఉపాయం, తొంభై శాతం పని అయిపోయినట్టే. యూఎస్‌బీలో ఉన్నప్పుడు ఆ డిస్క్ పేరు డీఏ0, లోపల బిగించాక అదే డిస్క్ ఏడీఏ0. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఫైల్) పాత పేరే ఉండిపోయింది, కెర్నల్ ఆ పేరు కోసం వెతికి లేదని అడుగుతోంది. ప్రాంప్ట్‌లో ప్రశ్న గుర్తు ఒక్కటి కొట్టండి, ఉన్న పార్టిషన్లన్నీ చూపిస్తుంది. 'యూఎఫ్ఎస్' తర్వాత కోలన్, దాని వెంటే 'స్లాష్ డెవ్ స్లాష్', తర్వాత ఆ జాబితాలోని సరైన పేరు, పార్టిషన్ పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతైతే ఏడీఏ0ఎస్1ఏ అవుతుంది, కొత్త జీపీటీ పద్ధతైతే ఏడీఏ0పీ2 లాంటిది. అక్కణ్ణుంచి సింగిల్ యూజర్‌లో పడేస్తే 'మౌంట్ డాష్ యూ డాష్ ఓ ఆర్‌డబ్ల్యూ స్లాష్' కొట్టి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డీఏ0 ఉన్న ప్రతిచోటా మార్చండి. స్వాప్ లైన్ మర్చిపోతారు, అందరూ మర్చిపోతారు. ఓపిక ఉంటే పేర్ల బదులు లేబుళ్ళు పెట్టుకోండి, డిస్క్ ఎక్కడ బిగించినా ఇక అడగదు.

ప్రశ్న: గ్రబ్ మెనూ వస్తుంది, ఎంటర్ కొట్టాక నల్ల తెర. డిస్క్ లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

జవాబు: లైటు వెలుగుతోందంటే లోపల పని జరుగుతోంది, మీకు కనపడట్లేదు, అంతే. మెనూలో ఈ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైన్లో 'క్వయెట్', 'స్ప్లాష్' తీసేసి 'నోమోడ్‌సెట్' పెట్టి, కంట్రోల్-ఎక్స్. తెర వస్తే గ్రాఫిక్స్ డ్రైవర్‌ది తప్పు. రాకపోయినా క్వయెట్ తీసేశారు కాబట్టి మెసేజ్‌లు పడతాయి, చివరిది రాసి పంపండి.

ప్రశ్న: పాత బ్యాకప్ డిస్క్ తీసేసినప్పటి నుంచి 'ఏ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్' అని ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టి, ఎమర్జెన్సీ మోడ్ అంటోంది.

జవాబు: లేని డిస్క్ కోసం సిస్టమ్‌డీ 90 సెకన్లు ఎదురుచూసి అలుగుతోంది. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్ళి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ డిస్క్ లైన్ ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేయండి. డిస్క్‌ను అప్పుడప్పుడూ తగిలిస్తూ ఉంటారనుకుంటే హ్యాష్ వద్దు, ఆప్షన్ల గడిలో డిఫాల్ట్స్ పక్కన కామా పెట్టి 'నోఫెయిల్' రాయండి. కామా తర్వాత ఖాళీ వదలకూడదు, వదిలితే అది ఇంకో గడి అనుకుని మళ్ళీ గొడవ.